ఒకే చట్టం, రాష్ట్రానికో పేరు

2013 ఆగస్టు. అమెరికాలోని లూయీవిల్ నగరంలో కెంటకీ స్టేట్ ఫెయిర్ జరుగుతోంది. మన జాతరల్లాగే ఊళ్లకు ఊళ్లు కదిలి వచ్చే సందడి. ఆ సందట్లోనే రాష్ట్ర ప్రభుత్వం ఒక చిన్న స్టాల్ తెరిచింది. మడతబల్ల, చుట్టూ గాలిబుడగలు, బల్ల వెనక ఉద్యోగులు. ‘కైనెక్ట్’ పేరుతో రాబోయే ఆరోగ్య బీమా గురించి వచ్చినవాళ్లకి వాళ్లు ఓపిగ్గా చెబుతున్నారు. ఎర్ర చొక్కా వేసుకున్న ఒక నడివయసు మనిషి ఆగి, అంతా శ్రద్ధగా విన్నాడు. నచ్చింది. వెళ్తూ వెళ్తూ, ఒబామాకేర్ కన్నా ఇదే నయంగా ఉంటుందని ఆశిస్తున్నానన్నాడు. ఆయన విన్నదే ఒబామాకేర్ అని చెప్పి ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లాలా వద్దా అని ఉద్యోగి సందేహంలో పడింది. అక్కడే ఉన్న ఒక విలేఖరి ఈ ముచ్చటను రాయడంతో అది దేశమంతా పాకింది.

ఆ పెద్దమనిషి ఒక్కడే కాదు. 2014 మే నెలలో ఎన్‌బీసీ, మారిస్ట్ సంస్థలు కెంటకీలో సర్వే చేశాయి. ఒబామాకేర్ అంటే గిట్టదన్నవాళ్లు నూటికి 57 మంది. కైనెక్ట్ గిట్టదన్నవాళ్లు 22 మందే. రెండూ అధ్యక్షుడు ఒబామా తెచ్చిన ఒకే చట్టం నుంచి పుట్టాయి. ఒకే సబ్సిడీ, ఒకే నిబంధనలు, ఒకే రకం పాలసీలు.

ఇలాంటి తికమకను చూసి నవ్వుకోవడం ఆ రోజుల్లో అమెరికన్ టీవీకి అలవాటు. 2013 అక్టోబరులో జిమ్మీ కిమ్మెల్ కార్యక్రమం వాళ్లు వీధిలోకి మైకు పట్టుకెళ్లి, ఒబామాకేర్ మేలా, అఫర్డబుల్ కేర్ యాక్ట్ మేలా అని దారిన పోయేవాళ్లని అడిగారు. ఒకే చట్టానికి రెండు పేర్లని తెలియక జనం ఒకదాన్ని తిట్టి మరొకదాన్ని మెచ్చుకుంటుంటే స్టూడియోలో నవ్వులే నవ్వులు. నాలుగేళ్ల తర్వాత కూడా అదే పరిస్థితి. 2017లో మార్నింగ్ కన్సల్ట్ సర్వేలో నూటికి 35 మంది ఆ రెండూ వేరనో, ఏమో తెలియదనో అన్నారు. నవ్వడం తేలికే. కానీ ఈ తికమకకు చరిత్ర ఉంది, దాన్ని తయారుచేసినవాళ్లు ఉన్నారు, దానివల్ల లాభపడ్డవాళ్లూ ఉన్నారు. నష్టపోయింది మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే జేబు తడుముకునే మనుషులు.

కథ 19వ శతాబ్దం నుంచి మొదలవుతుంది. న్యూయార్క్ అగ్నిప్రమాద బీమా కంపెనీల తరఫున పాలసీలు అమ్మే శామ్యూల్ పాల్ అనే ఏజెంటుకు వర్జీనియా రాష్ట్రం లైసెన్సు ఇవ్వలేదు. బయటి కంపెనీలు కట్టాల్సిన డిపాజిట్ కట్టలేదన్నది కారణం. లైసెన్సు లేకుండానే అమ్మినందుకు ఆయన మీద కేసు పెట్టారు, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1869లో కోర్టు తీర్పు చెప్పింది: బీమా పాలసీ వాణిజ్య సరుకు కాదు, కాబట్టి రాష్ట్రాల మధ్య వాణిజ్యంపై పార్లమెంటుకున్న అధికారం దానికి వర్తించదు. ఆ ఒక్క మాటతో బీమా రంగం మొత్తం రాష్ట్రాల గుప్పిట్లోకి వెళ్లింది. ప్రతి రాష్ట్రానికీ సొంత చట్టాలు, సొంత బీమా కమిషనర్.

డెబ్భై అయిదేళ్ల తర్వాత, 1944లో, అట్లాంటా కేంద్రంగా దాదాపు 200 అగ్నిబీమా కంపెనీలు కూడబలుక్కుని రేట్లు పెంచిన కేసులో అదే సుప్రీంకోర్టు మాట మార్చింది. బీమా కూడా వాణిజ్యమే అంది. రాష్ట్రాలు గగ్గోలు పెట్టాయి. ఏడాది తిరగకుండానే, 1945 మార్చిలో, పార్లమెంటు మెకారన్-ఫెర్గూసన్ చట్టం చేసి బీమా నియంత్రణను తిరిగి రాష్ట్రాలకే అప్పగించింది. అప్పటినుంచి వాషింగ్టన్‌లో ఎవరు ఆరోగ్య బీమా సంస్కరణ గురించి మాట్లాడినా ఈ గోడ అడ్డు వస్తూనే ఉంది. వైద్యం దేశమంతటికీ ఒకే సమస్య, దాని బీమా మాత్రం యాభై రాష్ట్రాల్లో యాభై రకాలు.

బీమా సంతను ఒక చోట పెట్టి, కంపెనీలన్నింటినీ పక్కపక్కన నిలబెట్టి, పేదలకు ప్రీమియంలో సాయం చేసి అమ్మే ఏర్పాటుకు గట్టి రూపం ఇచ్చింది మసాచుసెట్స్. 2006 ఏప్రిల్‌లో బోస్టన్‌లోని ఫానిల్ హాల్‌లో రిపబ్లికన్ గవర్నర్ మిట్ రామ్నీ ఆ చట్టం మీద సంతకం చేశారు. పక్కన నిలబడి చప్పట్లు కొట్టినవారిలో డెమోక్రాట్ సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ ఉన్నారు. ఆ బీమా సంతకు ‘కనెక్టర్’ అని పేరు పెట్టారు. ఒబామా చట్టంలోని ఎక్స్ఛేంజికి మూలం అదే.

2009లో కథ దేశవ్యాప్తమైంది. ప్రతినిధుల సభ నవంబరు 7న 220-215 ఓట్లతో ఆమోదించిన బిల్లులో దేశమంతటికీ ఒకటే జాతీయ ఎక్స్ఛేంజి ఉంది. కావాలనుకున్న రాష్ట్రం సొంతంగా నడుపుకోవచ్చు. సెనేటులో లెక్క వేరు. అక్కడ బిల్లు గట్టెక్కాలంటే 60 ఓట్లు కావాలి, డెమోక్రాట్లకు ఉన్నవి సరిగ్గా 60. ఒక్కరు అలిగినా అంతే. నెబ్రాస్కా సెనేటర్ బెన్ నెల్సన్ జాతీయ ఎక్స్ఛేంజి వద్దు, రాష్ట్రాలవే ఉండాలని పట్టుబట్టారు. నెల్సన్ గవర్నరు కాకముందు నెబ్రాస్కా బీమా శాఖను నడిపినవారు. క్రిస్మస్ ముందురోజు సెనేటు ఆమోదించిన బిల్లులో రాష్ట్రాల ఎక్స్ఛేంజిలే ఉన్నాయి.

రెండు బిల్లులనూ కలిపి, అతుకులు సరిచేసి, ఒక చట్టంగా మలచడమే మిగిలింది. అది జరగలేదు. కెనడీ 2009 ఆగస్టులో చనిపోయారు. ఆ సీటుకు 2010 జనవరి 19న జరిగిన ఉప ఎన్నికలో రిపబ్లికన్ స్కాట్ బ్రౌన్ గెలిచారు. 60వ ఓటు పోయింది. సెనేటుకు మళ్లీ బిల్లు పంపే దారి మూసుకుపోవడంతో, ప్రతినిధుల సభ మార్చి 21న సెనేటు బిల్లునే ఉన్నదున్నట్టు 219-212తో ఆమోదించింది. చిన్నచిన్న సవరణలు వేరే బిల్లులో పెట్టారు. చిత్తుప్రతిలాంటి పాఠమే మార్చి 23న ఒబామా సంతకంతో చట్టమైంది. రాష్ట్రాలు ఎక్స్ఛేంజి పెట్టాలని ఒక సెక్షను చెబితే, పెట్టకపోతే కేంద్ర ఆరోగ్య మంత్రి పెట్టాలని మరో సెక్షను చెప్పింది. పన్ను రాయితీని లెక్కగట్టే మూడో చోట మాత్రం ‘రాష్ట్రం నెలకొల్పిన ఎక్స్ఛేంజి’ అన్న మాట ఉండిపోయింది. ఆ మాట ఐదేళ్ల తర్వాత లక్షల కుటుంబాల నిద్ర పోగొట్టింది.

చట్టం రాసినవాళ్లు దాదాపు అన్ని రాష్ట్రాలూ సొంత ఎక్స్ఛేంజిలు పెడతాయనే అనుకున్నారు. కేంద్రం సుమారు 500 కోట్ల డాలర్ల గ్రాంటులు కూడా ఇచ్చింది. కానీ రాజకీయం అడ్డం తిరిగింది. 2011 ఏప్రిల్‌లో ఓక్లహామా గవర్నర్ మేరీ ఫాలిన్ 5.4 కోట్ల డాలర్లను, ఆగస్టులో కాన్సాస్ గవర్నర్ శామ్ బ్రౌన్‌బ్యాక్ 3.15 కోట్ల డాలర్లను వెనక్కి పంపేశారు. కాన్సాస్ బీమా కమిషనర్ శాండీ ప్రేగర్ కూడా రిపబ్లికనే. మన బీమా మన చేతుల్లోనే ఉండాలి, ఎక్స్ఛేంజి పెట్టుకుందామని ఆమె మొత్తుకున్నారు. ఎవరూ వినలేదు. రాష్ట్ర హక్కుల గురించి అందరికన్నా గట్టిగా మాట్లాడిన రాష్ట్రాలే తమ బీమా సంతను చేజేతులా వాషింగ్టన్‌కు అప్పగించాయి. 2012 నవంబరులో ఒబామా మళ్లీ గెలిచాక, రాష్ట్రాలు ఏదో ఒకటి తేల్చడానికి గడువును డిసెంబరు 14 దాకా పొడిగించారు. చివరికి 36 రాష్ట్రాల ప్రజలు కేంద్రం నడిపే హెల్త్‌కేర్ డాట్ గవ్ వెబ్‌సైట్ మీద ఆధారపడ్డారు. 14 రాష్ట్రాలు, వాషింగ్టన్ నగరం సొంత దుకాణాలు తెరిచాయి.

సొంత దుకాణానికి సొంత పేరు. కాలిఫోర్నియాలో కవర్డ్ కాలిఫోర్నియా, న్యూయార్క్‌లో ఎన్‌వై స్టేట్ ఆఫ్ హెల్త్, మిన్నెసోటాలో ఎమ్‌ఎన్‌ష్యూర్, కెంటకీలో కైనెక్ట్. ఏ పేరులోనూ ఒబామా లేడు, అఫర్డబుల్ కేర్ లేదు. ఇది యాదృచ్ఛికం కాదు. కెంటకీ గవర్నర్ స్టీవ్ బెషియర్ డెమోక్రాటే అయినా, ఆయన రాష్ట్రం ఒబామాను రెండుసార్లూ ఓడించింది. 2012 జులైలో ఆయన శాసనసభ జోలికి పోకుండా గవర్నర్ ఉత్తర్వుతో ఎక్స్ఛేంజిని నెలకొల్పారు. రాజకీయ వాసన తగలని పేరుతోనే జనం దగ్గరికి వెళ్లాలన్నది వ్యూహం. ఆ వ్యూహం మనుషులకు వైద్యం అందించింది, అందులో అనుమానం లేదు. మొదటి విడతలోనే 4 లక్షల మందికి పైగా చేరారు, అత్యధికులు పేదల పథకమైన మెడికెయిడ్‌లో. గ్యాలప్ లెక్కల ప్రకారం 2013లో నూటికి 20 మందికి బీమా లేని రాష్ట్రంలో 2015కల్లా అలాంటివాళ్లు 8 మంది లోపుకి తగ్గారు. కానీ మేలు చేసిన చట్టం పేరు దాచిపెట్టినందుకు తర్వాత చెల్లించుకోవాల్సి వచ్చింది.

2013 అక్టోబరు 1 ఉదయం అన్ని తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి. కేంద్ర వెబ్‌సైట్ మొదటి గంటల్లోనే చేతులెత్తేసింది. లక్షల మంది ఖాతా తెరవడానికి ప్రయత్నిస్తే ఆ మొదటిరోజు 36 రాష్ట్రాల్లో కలిపి బీమా దొరికింది ఆరుగురికి. ఆరుగురంటే ఆరుగురే. పార్లమెంటరీ కమిటీ బయటపెట్టిన అధికారుల సమావేశం నోట్సులో ఆ అంకె ఉంది. అదే ఉదయం కైనెక్ట్ మాత్రం నడిచింది. చిన్నాచితకా ఇబ్బందులు వచ్చినా దరఖాస్తులు ముందుకు కదిలాయి. టీవీలో జాతీయ వార్తలు చూసిన కెంటకీవాసికి ఏమనిపిస్తుంది? ఒబామాకేర్ కూలిపోయింది, మన కైనెక్ట్ నిలబడింది! ఆయన కళ్లతో చూసినదాన్నిబట్టి ఆ తీర్మానం తప్పని ఎవరనగలరు?

సొంత వెబ్‌సైట్లన్నీ కెంటకీలా వెలగలేదు. మేరీల్యాండ్ సైటు మొదటిరోజే పడిపోయింది. చివరికి కనెక్టికట్ సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని బతికింది. ఎక్స్ఛేంజిలకు పుట్టిల్లయిన మసాచుసెట్స్‌లోనే కొత్త వెబ్‌సైట్ మొరాయించింది. అన్నింటికన్నా ఒరెగాన్ కథ బాధ పెడుతుంది. పాటలతో, ముచ్చటైన టీవీ ప్రకటనలతో ‘కవర్ ఒరెగాన్’ను ఊరూరా చాటారు. కేంద్రం సొమ్ము సుమారు 25 కోట్ల డాలర్లు ఖర్చయింది. ఆ వెబ్‌సైట్ ద్వారా మొదలు నుంచి చివరి దాకా ఒక్క మనిషి కూడా బీమాలో చేరలేకపోయాడు. వందలాది తాత్కాలిక సిబ్బందిని పెట్టి కాగితపు దరఖాస్తులను చేత్తో పరిశీలించారు. 2014 వసంతంలో ఒరెగాన్ తన వెబ్‌సైట్‌ను మూసేసి హెల్త్‌కేర్ డాట్ గవ్‌కు మారాలని నిర్ణయించింది. నెవాడా, హవాయి కూడా అదే దారి పట్టాయి.

ఇలాంటి రాష్ట్రాలది మూడో రకం. ఎక్స్ఛేంజి రాష్ట్రానిదే, బోర్డు రాష్ట్రానిదే, ప్రచారం రాష్ట్రానిదే, పేరు కూడా రాష్ట్రానిదే. దరఖాస్తు పెట్టేది మాత్రం కేంద్ర వెబ్‌సైట్‌లో. అధికారుల భాషలో దీన్ని కేంద్ర వేదిక మీది రాష్ట్ర మార్కెట్‌ప్లేస్ అంటారు. ఆ రాష్ట్రంలో ఉన్న మనిషి తన బీమా రాష్ట్రానిదా, కేంద్రానిదా అని అడిగితే నిజాయితీగా ఒక్కమాటలో చెప్పగల జవాబు లేదు.

ఇక చట్టంలో మిగిలిపోయిన ఆ మాట. రాష్ట్రం నెలకొల్పిన ఎక్స్ఛేంజిలో కొంటేనే పన్ను రాయితీ అని చట్టం చెబుతోంది కాబట్టి, కేంద్రం నడిపే చోట కొన్నవాళ్లకి సబ్సిడీ చెల్లదని వ్యాజ్యాలు పడ్డాయి. 2014 జులై 22న కొన్ని గంటల తేడాతో రెండు అప్పీలు కోర్టులు రెండు తీర్పులిచ్చాయి. వాషింగ్టన్‌లోని కోర్టు 2-1తో సబ్సిడీ చెల్లదంది. రిచ్‌మండ్‌లోని కోర్టు 3-0తో చెల్లుతుందంది. న్యాయమూర్తులే ఒకే వాక్యాన్ని చదివి ఒకే రోజు రెండు అర్థాలు చెప్పారు. చట్టం రూపకల్పనలో సలహాదారుగా పనిచేసిన ఆర్థికవేత్త జొనాథన్ గ్రూబర్, ఎక్స్ఛేంజి పెట్టని రాష్ట్రాల ప్రజలకు రాయితీ రాదని 2012లో ఒక సభలో అన్న వీడియో అదే వారంలో బయటికొచ్చింది. నోరుజారానని ఆయన సర్దుకున్నారు. అంతటివాళ్లకే అంత అయోమయం ఉంటే, రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చి ఫారం నింపుకునే మనిషిని తప్పుపట్టడం అన్యాయం.

కింగ్ వర్సెస్ బర్వెల్ పేరుతో ఆ కేసు సుప్రీంకోర్టుకు చేరేసరికి 34 రాష్ట్రాల్లో సుమారు 64 లక్షల మంది సబ్సిడీ దానిమీద ఆధారపడి ఉంది. తీర్పు రావడానికి కొద్ది రోజుల ముందు కైసర్ ఫౌండేషన్ సర్వే చేస్తే, పదిమందిలో ఏడుగురు ఆ కేసు గురించి పెద్దగా వినలేదనో, అసలే వినలేదనో చెప్పారు. 2015 జూన్ 25న కోర్టు 6-3తో తీర్పు చెప్పింది. చట్టం ఉద్దేశం బీమా మార్కెట్లను బాగుచేయడమే తప్ప కూల్చడం కాదు, కాబట్టి కేంద్రం ఎక్స్ఛేంజిలో కొన్నవాళ్లకి కూడా సబ్సిడీ వర్తిస్తుందని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశారు. గండం గడిచింది.

కెంటకీకి మాత్రం అసలు గండం అప్పుడే వచ్చింది. ఆ రాష్ట్ర సెనేటర్ మిచ్ మెకానెల్ అంతకుముందే, 2014 ఎన్నికల చర్చలో, ఒబామాకేర్‌ను కూకటివేళ్లతో పెకలిస్తానన్నారు. కైనెక్ట్ సంగతేమిటని అడిగితే, అదొక వెబ్‌సైట్, కావాలంటే ఉంచుకోవచ్చన్నారు. సబ్సిడీలూ, మెడికెయిడ్ నిధులూ పోయాక ఆ వెబ్‌సైట్‌లో అమ్మడానికి ఏం మిగులుతుందో ఆయన చెప్పలేదు. ఓటర్లూ నిలదీయలేదు, ఎందుకంటే రెండూ ఒకటేనని వాళ్లకి ఏడాదిగా చెప్పకుండా దాచింది ప్రభుత్వమే. 2015లో రిపబ్లికన్ మ్యాట్ బెవిన్ కైనెక్ట్‌ను మూసేస్తానని చెప్పి మరీ గవర్నరుగా గెలిచారు. మూయడానికి 2.3 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని పాత ప్రభుత్వం వేసిన అంచనా ఆయన్ని ఆపలేదు. 2017 పాలసీల కోసం కెంటకీ జనం హెల్త్‌కేర్ డాట్ గవ్ ముందు వరస కట్టారు. 2019లో స్టీవ్ బెషియర్ కొడుకు ఆండీ బెషియర్ బెవిన్‌ను ఓడించి, 2022 పాలసీల నాటికి కైనెక్ట్‌ను మళ్లీ తెరిచారు. పదేళ్లు తిరగకముందే ఒక కుటుంబం అదే బీమా కోసం రెండుసార్లు గడప మారింది.

గడువుల గొడవ ఇంకొకటి. 2017లో ట్రంప్ ప్రభుత్వం కేంద్ర వెబ్‌సైట్‌లో చేరే కాలాన్ని నవంబరు 1 నుంచి డిసెంబరు 15 వరకు కుదించింది. ప్రచార బడ్జెట్‌ను 10 కోట్ల డాలర్ల నుంచి కోటికి కోసేసింది. కాలిఫోర్నియా మాత్రం జనవరి 31 దాకా తలుపులు తెరిచే ఉంచి, సొంత డబ్బుతో ప్రకటనలు కొనసాగించింది. డిసెంబరు 15తో సరి అని జాతీయ చానెళ్లు చెప్పిన వార్త లాస్ ఏంజిల్స్‌లో తప్పు, కేంద్ర సైటు వాడే చాలా చోట్ల ఒప్పు.

ఈ ముక్కల దేశపటం ఎంత చిత్రమో చూడాలంటే రాజధాని ప్రాంతమే చాలు. వాషింగ్టన్‌లో ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చునే ముగ్గురిలో ఒకరి ఇల్లు నగరంలో, మరొకరిది మేరీల్యాండ్‌లో, ఇంకొకరిది పొటోమాక్ నది అవతల వర్జీనియాలో. బీమా ఎక్కడ కొనాలో తేల్చేది ఇల్లు కాబట్టి ముగ్గురికీ మూడు సైట్లు. వర్జీనియా 2023 నవంబరు దాకా కేంద్ర సైటులో ఉండి, ఆ తర్వాత సొంతది తెరిచింది. పార్లమెంటు సభ్యులు కూడా ఎక్స్ఛేంజిలోనే కొనుక్కోవాలని చట్టంలో సెనేటర్ చక్ గ్రాస్లీ పెట్టించిన నిబంధన వల్ల, ఒబామాకేర్ రద్దు కోరినవాళ్లతో సహా సభ్యులకు ఆఫీసు తరఫు బీమా వాషింగ్టన్ నగరపు డీసీ హెల్త్ లింక్ ద్వారానే వస్తోంది.

తెలుగువాళ్ల ఇళ్లలోకీ ఈ చరిత్ర వచ్చింది. న్యూజెర్సీలోని ఎడిసన్ కుటుంబాలు 2020 నవంబరు దాకా కేంద్ర సైటులో ఉండి, తర్వాత గెట్ కవర్డ్ న్యూజెర్సీకి మారాయి. టెక్సస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్ కుటుంబాలు నేటికీ హెల్త్‌కేర్ డాట్ గవ్‌లోనే ఉన్నాయి. గ్రీన్‌కార్డు మీద వచ్చిన అరవై అయిదు దాటిన తల్లిదండ్రులకు మొదటి అయిదేళ్లు సాధారణంగా వృద్ధుల పథకమైన మెడికేర్ దొరకదు, కాబట్టి చాలామంది మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఎక్స్ఛేంజిలో, కొంటారు. అలాంటివాళ్లు కూతురింటి నుంచి కొడుకింటికి, ఎడిసన్ నుంచి ఫ్రిస్కోకి కాపురం మారిస్తే పాలసీ వెంట రాదు. అక్కడ రద్దు చేసుకోవాలి, ఇక్కడ కొత్త ఖాతా తెరవాలి, పన్ను వేళకు రెండు సైట్ల నుంచి రెండు 1095-ఎ ఫారాలు తెచ్చుకోవాలి. హెచ్-1బి ఉద్యోగం పోయినవాళ్లకైతే దేశంలో ఉండటానికి దొరికే గడువూ 60 రోజులే, మార్కెట్‌ప్లేస్‌లో చేరడానికి దొరికే గడువూ 60 రోజులే. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం 2027 నుంచి హెచ్-1బి వాళ్లకు ప్రీమియం పన్ను రాయితీ ఉండదు, గ్రీన్‌కార్డు వాళ్లకు ఉంటుంది. సైటు రాష్ట్రానిదైనా కేంద్రానిదైనా ఈ నిబంధన ఒకటే.

తికమక ఉన్న చోట మోసగాళ్లు దూరతారు. 2024లో కేంద్ర సైటును వాడే రాష్ట్రాల్లో కొందరు ఏజెంట్లు, జనానికి తెలియకుండానే వాళ్ల పాలసీలు మార్చేసి కమీషన్లు దండుకున్నారు. పేరు, పుట్టినతేదీ, రాష్ట్రం తెలిస్తే చాలు, బ్రోకర్ల వేదికల నుంచి ఖాతా దొరికిపోయేది. డాక్టరు దగ్గరికి వెళ్లాకే తమ బీమా మారిపోయిందని చాలామందికి తెలిసింది. ఆ ఏడాది వచ్చిన ఫిర్యాదులు 2 లక్షలు దాటాయి. వందలాది ఏజెంట్ల అనుమతులు నిలిపేశారు. ఖాతాదారు స్వయంగా అనుమతిస్తేనే ఏజెంటు లోపలికి రాగలిగే రాష్ట్ర సైట్లలో ఈ బెడద అంతగా లేదు. రాష్ట్రానిదా కేంద్రానిదా అన్న ప్రశ్న పేరు గొడవ దాటి, మనిషి గుండె మందు ఆగుతుందా ఆగదా అన్నదాకా వచ్చింది.

సొంత సైటుకు మారడంలో ఉన్న లాభం ఇప్పుడు రాష్ట్రాలకు అర్థమైంది. గడువులు, ప్రచారం, రుసుములు తమ చేతిలో ఉంటాయి. పెన్సిల్వేనియా 2021 పాలసీలకు ‘పెన్నీ’ని తెరిచింది. ఒకప్పుడు సైటే లేకుండా అంతా బ్రోకర్లకు వదిలేద్దామనుకున్న జార్జియా 2025 పాలసీలకు సొంతది నడిపింది. 2026 పాలసీలకు ఇల్లినాయ్ వచ్చి చేరింది. తర్వాతి వంతు ఒరెగాన్‌ది. 2027 పాలసీల నుంచి సొంత వేదికకు మారాలని ఆ రాష్ట్రం చట్టం చేసుకుంది. 2013లో కాగితాల మీద దరఖాస్తు పెట్టి, ఆ మరుసటి ఏడాది హెల్త్‌కేర్ డాట్ గవ్‌కు మారిన ఒరెగాన్ కుటుంబాలు ఇక మూడో చోట కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలి.